దసరా బజారు, శ్యామల అప్ప, నా కుళ్ళు

బుజ్జులూ... నువ్వు పడీపడీ నవ్వుతూ విన్న కథే ఇది. ఈసారి వినడానికి నువ్వు లేవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోండి, నేను ఐదు దాకానే చదివాను.

మా చిన్నప్పుడు... దసరా సెలవులకి వైజాగ్ నుంచి కిరండూల్ పాసింజరులో మా పెద్దమ్మ, ఆవిడ కూతురు, నాకు అక్క అయ్యే శ్యామల అప్ప దిగేవారు. మా నాన్న బచేలీలో రైలుపట్టాల మీద గ్యాంగుమేను. కొండ మీది గనుల నుంచి ఇనుపరాయి బళ్ళు రాత్రీపగలూ పోతుండేవి. ఆ ఎర్రదుమ్ముకి మా ఇంట్లో తెల్లబట్ట అన్నదే ఉండేది కాదు. అమ్మ నీలిమందు పెట్టి ఉతికి ఆరేసినా, మడతపెట్టే వేళకి ఎర్రగా అయిపోయేది. అప్ప మాత్రం తెల్ల గౌను వేసుకుని దిగేది.

అక్కడే మొదలయ్యేది నా కుళ్ళు.

మమ్మల్ని చూడ్డానికి వచ్చామని పేరు... అసలు పని జగదల్‌పూర్ దసరా బజారు. రాజుగారి కోట ముందు రోడ్డు పొడుగునా గోనెపట్టాలు పరిచి ఇత్తడి బొమ్మలు, ఇనుప జింకలు, వెదురు బుట్టలు పెట్టుకుని కూర్చునేవారు. పెద్దమ్మకి అక్కడివాళ్ళ హల్బీ భాష రాదు, హిందీ అంతంత మాత్రం. నేను హల్బీ పిల్లలతో ఆడి పెరిగినదాన్ని కాబట్టి బేరానికి నన్ను తీసుకుపోయేవారు. నోరు నాది... సంచి వాళ్ళది.

ఒక ఏడు అక్కడ ఊయల బొమ్మ చూశాను. మైనం తీగలు చుట్టి, మట్టి పూసి, కాల్చి, కరిగిన ఇత్తడి పోస్తారు కదా... ఒళ్ళంతా దారం చుట్టినట్టు గీతలు. రెండు స్తంభాలు, మధ్యలో ఊయల, అందులో జడేసుకున్న పిల్ల. వేలితో తోస్తే నిజంగానే ఊగుతుంది.

అప్ప కూడా అదే చూసింది.

బొమ్మలు అమ్మే ఆవిడ నా మొహం చూసి, నీకు కావాలా నోనీ, అంటే పిల్లా, అని హల్బీలో అడిగింది. కావాలి, కానీ కొనేది నేను కాదు అన్నాను. ఆవిడకేం అనిపించిందో... పెద్దమ్మకి హిందీలో రెండింతల ధర చెప్పింది. అంతయితే వదిలేస్తారని మా ఇద్దరి ఆశ.

పెద్దమ్మ బేరమే ఆడలేదు. "పాపం, నిప్పుల కాడ కూకుని సేసిన బొమ్మ. అడిగినంత ఇచ్చేద్దాం" అని కొంగుముడి విప్పింది.

బొమ్మలావిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ నవ్వేసింది. నాకు ఏడుపొచ్చింది.

తిరిగొచ్చే రైల్లో బొమ్మ అప్ప ఒళ్ళో ఉంది. బండి కుదిపినప్పుడల్లా ఆ పిల్ల ఊగుతోంది... నేను చెయ్యి చాస్తే, "ముట్టుకోకే, నీ సేతులకి దుమ్ముంది" అంది అప్ప.

ఇంటికొచ్చి గోల చేశాను. అమ్మ సత్తుగిన్నె తోముతూ తల కూడా ఎత్తలేదు. "గురుతుకి కొనుక్కుంతారే అయ్యి. ఎలిపోయేవోలకి గురుతు కావాల గానీ, ఇక్కడే ఉన్నోలకి ఎందుకే?" అంది.

కుళ్ళు మాత్రం పోలేదు. పెళ్ళయి, బచేలీలోనే కాపురం పెట్టి, నువ్వు పుట్టినా పోలేదు. "అమ్మా, శ్యామల పెద్దమ్మ మీద నీ కుళ్ళు నాకన్నా వయసులో పెద్దది" అని ఎన్నిసార్లు వెక్కిరించావో...

పోయిన ఏడు వానల్లో జ్వరమొచ్చి నువ్వు పోయావు. ఈ దసరాకి అప్ప మళ్ళీ వచ్చింది, కూతురు లల్లిని తీసుకుని. నీ ఈడు పిల్లే. నన్నూ బజారుకి రమ్మన్నారు. బేరానికి కాదు... ఇప్పుడు అద్దాల అరల్లో ధర చీటీ అంటించే పెడుతున్నారు, నా హల్బీ ఎవరికీ అక్కర్లేదు. ఊరికే, తోడుకి.

ఒక ఇత్తడి దీపం దగ్గర తల్లీకూతుళ్ళు తగువు పడ్డారు. అదే కావాలని పిల్ల, నీకు బుద్ధి లేదని అప్ప. ఎంత బాగా తిట్టిందో... అలా తిట్టుకోవడానికి నాకెవరున్నారు?

ఆ రోజు ఏ బొమ్మ మీదా నా చూపు నిలవలేదు. ఆ పిల్ల మీదే నిలిచింది. దాని జడ, దాని నవ్వు, విసుక్కునే మొహం... ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే భయమూ వేసింది. బిడ్డని పోగొట్టుకున్నదాని చూపు మంచిది కాదంటారు. అది పరాయి పిల్ల కాదు, మన పిల్ల. నా దిష్టి తగిలితే?

కోట గోడ నీడన కూర్చుని కేరేజీ విప్పారు. తినే పిల్ల మీద నా కళ్ళు పడకూడదని నేను అవతలగా, గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆకలి లేదన్నాను.

అప్ప కనిపెట్టేసింది. కంచం పట్టుకుని లేచింది. పిల్లని నాకు దూరంగా తీసుకుపోతుందనుకున్నాను... తీసుకుపోయినా తప్పు పట్టేదాన్ని కాదు.

"ఒలే లల్లీ, ఇలా రా. మీ పిన్ని ఎదర కూకో" అంది. కంచం నా చేతికిచ్చింది.

"వద్దప్పా, నా కళ్ళు మంచివి కావు" అన్నాను.

"నీ కల్లకేటయిందే? నువ్వే పెట్టు. దాని కడుపు నిండేదాకా సూడు."

పులిహోర ముద్ద పెట్టాను. తింది. "పిన్నీ, ఇంత సిన్న ముద్దలేటి? పెద్దది పెట్టు" అంది. ప్రతి ముద్దకీ నువ్వే గుర్తొచ్చావు. కుళ్ళు పోయిందా అంటే పోలేదు బుజ్జులూ, అబద్ధం రాయను... కానీ చూపు తిప్పుకోలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా చూశాను.

చదివినవాళ్ళు మీరూ చెప్పండి... చిన్నప్పుడు ఎవర్ని చూసి కుళ్ళుకున్నారో. ఇప్పుడు ఇల్లంతా ఖాళీయే, ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదువుకుంటాను.

వేళకి కడుపునిండా అన్నం తినండి.