పొగ మీద అర్జీ రాసింది నేనే

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో తెలిసింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. నా పాత శిష్యుడొకడు ఇప్పుడు వేంసూరు బస్సుకు కండక్టరు. బస్సు ఆపించి గుమ్మం దాకా వచ్చాడు.

"టీచరమ్మా, కుమ్మరి పెద్దమ్మ పోయింది. బేస్తవారం పొద్దున. మట్టి గూడ చేసిన్రు. మీకు ఎవలన్న చెప్పిన్రో లేదో అని."

"అట్లానా" అన్నాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. అతను వెళ్లిపోయాడు. నేను ఎనిమిదో ఎక్కం దగ్గర ఆపిన పిల్లల్ని పదో ఎక్కం దాకా చెప్పించాను. మధ్యాహ్నం డబ్బా విప్పి తిన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రావడం లేదు. ఆమె గురించి నాలుగు మాటలు రాయాల్సిన మనిషిని నేనేనని మాత్రం తెలుసు. ఆమె కుండలు కాల్చే ఆవం మీద అర్జీ రాసింది నేనే కాబట్టి.

ఆమె నాకు చుట్టం కాదు. మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఊరికి నన్ను బదిలీ చేశారు. మాది మధిర వైపు. మా ఆయన ఖమ్మంలో ఉద్యోగం చేస్తూ శనివారాలు వచ్చేవాడు. నాలుగేళ్ల పాపతో నేను కిరాయికి దిగిన ఇంటి గోడ అవతలే పెద్దమ్మ వాకిలి. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. నేనూ అదే పిలుపు అందుకున్నాను.

అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త ఎప్పుడో పోయాడు. సారె మీద కుండ తీసేది మరిది. ఆ పచ్చి కుండను ఒళ్లో పెట్టుకుని చెక్కతో కొట్టి సాపు చేసేది, ఎండబెట్టేది, కాల్చేది పెద్దమ్మ. వాకిలి మధ్య గుండ్రటి గుంతే ఆవం. అడుగున కట్టెలు పరిచి, కుండలు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో పిడకలు కూరి, పైన గడ్డి కప్పి బురద మెత్తేది. పొగ పోవడానికి అక్కడక్కడా బొక్కలు వదిలేది. పొద్దున నిప్పు పెడితే మర్నాటి దాకా పొగ వచ్చేది. నవమికి భద్రాచలం నడిచిపోయే వాళ్ల కోసం దారి పొడుగునా చలివేంద్రాలు పెడతారు. వాటికి కుండలు ఇక్కడి నుంచే. కల్లు లొట్లు ఇక్కడి నుంచే. సంతకు వచ్చిన కోయ ఆడవాళ్లతో వాళ్ల భాషలోనే బేరమాడేది. ఆ భాష ఎప్పుడు నేర్చుకున్నావంటే, "నేర్సుకునుడేంది, ఇన్నేండ్లు ఇంటే రాదా" అనేది.

ఆవం పెట్టే ముందు రోజు గోడ మీదుగా తల పెట్టి తప్పకుండా చెప్పేది. "రేపు నిప్పు పెడుతున్న టీచరమ్మా. బట్టలు బయట ఆరేయకు. బిడ్డను బడికి తోల్కపో." మొదటి నెల అది మర్యాదగా అనిపించింది. తరువాత ఆ గొంతు వింటేనే నాకు భయం పట్టుకునేది. మా పాపకు ఆయాసం.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. పెద్దమ్మ ఎనిమిది రోజులు ఆగింది. సంత దగ్గర పడుతుంటే ఇక ఆగలేక తడి కట్టెలతోనే ఆవం పెట్టింది. వాన గాలికి పొగ పైకి లేవలేదు. గోడ దాటి మా ఇంట్లోకి వచ్చి, వచ్చిన చోటే నిలబడిపోయింది. తలుపులు మూశాను, తడి చీర అడ్డం కట్టాను. పొద్దున పదింటికి పాప పెదాలు నీలంగా మారాయి. పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. పెద్దమ్మ గోడ దూకి వచ్చింది. ఆ వయసులో, ఆ చీరతో ఎట్లా దూకిందో. పాపను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తింది. కలప డిపో జీపు వస్తుంటే దారికి అడ్డం నిలబడి ఆపింది. నేను వెనక పరుగెత్తుతున్నాను. జీపు భద్రాచలం దవాఖానాకు చేరేదాకా పాప ఆమె ఒళ్లోనే ఉంది.

పాప బతికింది. డాక్టరు, ఈ పిల్లను పొగలో ఉంచకండి అన్నాడు. మూడో రోజు ఇంటికొచ్చి నేను తెల్లకాగితం తీసుకున్నాను. నాది మంచి దస్తూరి. నివాసాల నడుమ కట్టెల ఆవం కాల్చడం వల్ల చుట్టుపక్కల వారి ఆరోగ్యానికి హాని కలుగుతున్నదని, దానిని తొలగించేలా ఉత్తర్వు ఇవ్వాలని ఎమ్మార్వో గారికి రాశాను. నా బిడ్డను ఎత్తుకుని పరుగెత్తింది ఎవరో అందులో రాయలేదు. అర్జీలో అది అవసరం లేదనుకున్నాను.

విచారణకు ఇద్దరినీ ఆఫీసుకు పిలిచారు. నేను పాపను వెంట తీసుకెళ్లాను. ఆమె వెంట కులపెద్దలు ఇద్దరొచ్చారు. తాతల నాటి ఆవమని చెప్పు, పొగ పైకే పోతదని చెప్పు అని దారి పొడుగునా వాళ్లు నేర్పుతూ వచ్చారట. ఆ సంగతి తరువాత మరిది చెప్పాడు.

ఎమ్మార్వో అడిగాడు. "నీ ఆవం పొగతోనే ఈవిడ పాపకు ఆయాసం వస్తోందా?"

"వస్తది సారు" అంది పెద్దమ్మ.

కులపెద్ద ఆమె కొంగు లాగాడు. ఆమె అటు చూడలేదు.

"నేను కండ్లార చూసిన. జీపు దాక నేనే ఎత్తుకపోయిన. లేదని ఎట్ల చెప్పాలె?"

ఆయన కలం పక్కన పెట్టాడు. "అయితే ఆవం తీసేస్తావా?"

"తీస్త. ఏడ పెట్టుకోవాల్నో జాగ చూపియ్యున్రి. జాగ చూపియ్యకుంటే ఏం తినాల్నో అది గూడ ఆ కాయితంలనే రాయున్రి."

నేను బల్ల అంచు చూస్తూ నిలబడ్డాను. బయటికొచ్చాక ఆమె నా దగ్గరికి వచ్చి, "బస్సు పావుగంటల వస్తది, బిడ్డను ఎండల నిలబెట్టకు" అంది. అంతే. ఇద్దరం ఒకే బస్సులో ఊరికి వచ్చాం.

ఉత్తర్వు వచ్చింది. ఆవం ఊరి బయటికి పోవాలి. రెవెన్యూ వాళ్లు వాగు అవతల చోటు చూపించారు. మరిది, ఆమె కలిసి అక్కడ గుంత తవ్వారు. మట్టి మోసుకున్నారు. మొదటి నిప్పు పెట్టబోతుంటే అడవి శాఖ బీటు ఆఫీసరు వచ్చి ఆపాడు. అది రిజర్వు అడవి హద్దురాళ్లకు మరీ దగ్గర, అక్కడ నిప్పు పెట్టరాదు, కట్టె ఎక్కడిదో రుజువు చూపించాలి అన్నాడు. ఇంకో కాగితం చేతిలో పెట్టాడు.

పెద్దమ్మ ఆ రెండు కాగితాలూ పట్టుకుని నా ఇంటికే వచ్చింది. చదువుకున్న దాన్ని దగ్గర్లో నేనొక్కదాన్నే.

"సదువు బిడ్డా. ఈ రెండు కాయితాలు ఒకదాంతోని ఒకటి మాట్లాడుకున్నయో లేదో చూసి చెప్పు."

చదివాను. ఊళ్లో పొగ కూడదని ఒకటి. అడవి పక్కన నిప్పు కూడదని ఇంకొకటి. ఆమెను అక్కడికి పంపిందెవరో రెండోదానికి తెలియదు.

"మాట్లాడుకోలేదు పెద్దమ్మా" అన్నాను.

"గట్లనా" అంది. కాగితాలు మడిచి రవికలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగు నెలలకు పైగా ఆవం లేదు. సారె మూలన పడింది. మా ఇంట్లోకి పొగ రాలేదు, పాప హాయిగా నిద్రపోయేది. తెల్లవారి బడికి పోతూ చూస్తే, మిరపకాయలు ఏరే కూలీల గుంపులో పెద్దమ్మ కనిపించేది. సాయంత్రం గోడ అవతల నీళ్ల చప్పుడు వచ్చేది. మిరప మంట పోవడానికి చేతులు నీళ్లలో పెట్టుకుని కూర్చునేది. మాట మాత్రం వినిపించేది కాదు. నాకు చెప్పాల్సిన కబురేదీ ఆమెకు మిగల్లేదు మరి.

ఒకరోజు బడి నుంచి రాగానే రెండో అర్జీ రాశాను. ఎమ్మార్వో నా దస్తూరి గుర్తుపట్టాడు.

"మొదటిది కూడా మీరే రాశారు కదమ్మా. ఇప్పుడేం కావాలి మీకు?"

"పొగ మా ఇంట్లోకి రాకూడదండి. ఆవం ఆగకూడదు."

ఆయన చాలాసేపు రెండు అర్జీలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. తరువాత అడవి శాఖ రేంజరుకు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని పెద్దమ్మా నేనూ రేంజరు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. ఆమె మాట్లాడేది, నేను రాసేదాన్ని. చివరికి పెద్దమ్మే ఒక మాట అంది. "సారు, ఒక్క ఆవం మీ కండ్ల ముంగట పెడత. మంచిగుంటెనే కాయితం ఇయ్యున్రి."

దానికోసం ఆమె రెండు నెలలు సిద్ధపడింది. ఆవం చుట్టూ నడుమెత్తు మట్టి గోడ కట్టింది. ఆకూ అలమూ లేకుండా దూరం దాకా చెక్కింది. అడవి కట్టె ముట్టలేదు. రైతులు పీకి గట్టున పడేసిన పత్తికట్టె, మిరపకట్టె మోపులు కట్టి మోసుకొచ్చి, పాక వేసి ఆరబెట్టింది. ఆ రోజు రేంజరు పొద్దున్నే వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను సెలవు పెట్టి వెళ్లాను. గాలి అడవి నుంచి వాగు మీదికి తిరిగేదాకా ఆమె నిప్పు పెట్టలేదు. పెట్టిన తరువాత కాసేపు తెల్లటి పొగ లేచింది, పలచబడింది. మధ్యాహ్నానికి ఆవం మీద గాలి మాత్రం అదురుతూ కనిపించింది.

"పొగ ఇంతేనా?" అన్నాడు రేంజరు.

"ఎండిన కట్టెకు ఇంతే సారు. పొగ పచ్చి కట్టెది. ఎండేదాక ఆగే పొద్దు మాకు ఎప్పుడు దొరికింది?"

ఆయన కాగితం ఇచ్చాడు. ఎండలు ముదిరిన రెండు నెలలూ నిప్పు పెట్టరాదు, అడవి కట్టె వాడరాదు, చుట్టూ కుండల్లో నీళ్లు నింపి ఉంచాలి. కుండలు ఎక్కువగా అమ్ముడుపోయేది ఆ రెండు నెలల్లోనే. అందుకని మాఘం నుంచే కాల్చి పాకలో దాచిపెట్టేది. ఆ కాగితంలోని ఒక్క షరతు కూడా ఆమె తప్పలేదు. మైలు దూరం, తల మీద పచ్చికుండలు, వాగులో జారే రాళ్లు. ఎన్ని పగిలేవో ఎప్పుడూ చెప్పలేదు.

నాకు బదిలీ అయ్యే ముందు ఒక ఆదివారం ఆమె వాకిట్లోకి వెళ్లాను. చాలా రోజుల నుంచి నోట్లో ఉన్న మాట అడిగేశాను. "పెద్దమ్మా, నా మీద కోపం ఉందా?"

ఆమె కొడుతున్న చెక్క ఆపింది. "ఉన్నది బిడ్డా" అంది. "ఉంటే ఏమాయె. కూసో, చాయ్ పెడత."

నిజం చెప్పినందుకు నేను ఆమెకు రుణపడి ఉన్నాను. లేదని అని ఉంటే ఆ తరువాత ఆ గడప తొక్కగలిగేదాన్ని కాదు.

అప్పటికే ఆమెకు దగ్గు. పొయ్యి ఊదితే చాలు, నిమిషాల తరబడి దగ్గేది. దవాఖానాకు పోదాం రమ్మన్నాను. కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది. "నలభై ఏండ్లు మింగిన. నీ బిడ్డ కోసమైతే నువ్వు రాసినవ్. నా రొమ్ము గురించి అర్జీ ఎవలు రాస్తరు?"

నేనూ నవ్వాను. వేళాకోళం అనుకున్నాను. చాయ్ తాగి, పాప తలకు నూనె పెట్టాలని చెప్పి ఇంటికి వచ్చేశాను.

తరువాత ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేదాన్ని. మరిది ఇల్లందు వైపు బొగ్గు బావుల దగ్గర కాంట్రాక్టు పనికి పోయాడు. సెలవు దొరికినప్పుడు వచ్చి కొన్ని కుండలు తీసి ఇచ్చేవాడు, మిగతా పనంతా ఆమెదే. మా పాపకు ఆయాసం ఎనిమిదో ఏటనే పోయింది. వయసుతో పోయిందంటాడు డాక్టరు. పొగ దూరమయ్యాకే పోయిందంటాడు మా ఆయన. నాకు తెలియదు. పాప ఇప్పుడు పదో తరగతి. తనను ఎవరు ఎత్తుకుని పరుగెత్తారో చెప్పాను. ఎవరు అర్జీ రాశారో కూడా మొన్ననే చెప్పాను.

కబురు తెలిసిన తరువాతి ఆదివారం ఇద్దరం వెళ్లాం. మరిది వాగు అవతలే ఉన్నాడు. ఎండాకాలం రెండు నెలల గడువు ముగిశాక నిప్పు పెట్టవచ్చన్న మొదటి వారంలో పెద్దమ్మ ఒక్కతే ఆవం పేర్చిందట. సోమవారం కాల్చింది. బుధవారం ఊపిరి అందక పడిపోయింది. బేస్తవారం పోయింది. మెత్తిన బురద పెళ్లలు పెళ్లలుగా ఆరి ఆవం అట్లాగే ఉంది.

"ఇప్పబుద్ధి కాలే" అన్నాడు మరిది. "మీరొచ్చిన్రు కదా. ఇప్పుదాం."

ముగ్గురం కూర్చున్నాం. అతను పెళ్లలు తీశాడు. కింద గడ్డి నల్లటి పొరలా ఉంది, చెయ్యి తగలగానే రాలిపోయింది. అతను ఒక్కొక్క కుండా తీసి పాపకు అందించాడు. పాప బూడిద ఊది నాకు అందించింది. నేను నేల మీద వరసగా పెట్టాను. ఒక్కటి కూడా పగల్లేదు. అన్నీ ఎర్రగా, ఒక్క తీరుగా కాలాయి.

సగం తీసేసరికి చినుకులు మొదలయ్యాయి. పాకలోకి రమ్మని మరిది పిలిచాడు. పాప వెళ్లింది. నేను అక్కడే నిలబడ్డాను. చినుకు పడ్డ చోటల్లా కుండ మీద నల్లటి చుక్క కనిపిస్తోంది. చూస్తుండగానే లోపలికి ఇంకిపోయి మళ్లీ ఎర్రగా అవుతోంది. ఇంకొకటి పడుతోంది.