గరిటె, కొక్కెం, బోడిగుండు

వంతెనకి ఇవతల ఉన్న అచ్చాఫీసులో, మేస్త్రి చేతి పనిలో తప్పు దొరకదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఊరికే వచ్చిన పేరు కాదు లెండి. సీసం అక్షరాలు గడుల్లోంచి ఒక్కొక్కటే ఏరి, చేతిలో ఇనప పట్టీలో వరసగా పేర్చి, పేజీలకి పేజీలు కట్టిన మనిషి. ముప్పై ఆరేళ్ళు అదే కిటికీ పక్కన, అదే వాలు బల్ల ముందు నిలబడి చేశాడు. కుర్చీ వేయిస్తామంటే వద్దనేవాడు. "నేను కూర్చుంటే నా చెయ్యి కూడా కూర్చుంటుంది" అనేవాడు.

అసలు విడ్డూరం ఇంకోటుంది. ఆయన అంత నిక్కచ్చిగా కట్టింది తనకి రాని భాషలో! మన భాష ఇవతలి ఒడ్డున, ఇంకో భాష అవతలి ఒడ్డున. వంతెన మీద ఎదురుపడ్డవాళ్ళు చేతులూపుకుని పని కానిచ్చుకునేవాళ్ళు. అచ్చాఫీసుకి మాత్రం రెండు ఒడ్లూ కావాలి. అవతలి భాషలో పెళ్ళికార్డులు, వేలం నోటీసులు, సంతాప పత్రాలు, పుస్తకాలు, అన్నీ మేస్త్రి చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఈయనకా, ఆ భాషలో మంచినీళ్ళు అడగడం కూడా రాదు.

మరెలా కట్టేవాడంటారా? పంతొమ్మిదేళ్ళప్పుడు పనిలో చేరితే, నేర్పిన పెద్దాయన ఏ అక్షరాన్నీ పలికి వినిపించలేదు. ఏది ఏ గడిలో ఉంటుందో చూపించాడు, అంతే. పేరు లేనిదాన్ని గుర్తుపెట్టుకోవడం ఎలా? అందుకని మేస్త్రి తనే పేర్లు పెట్టుకున్నాడు. తోక వంచుకున్నది కొక్కెం. పొడుగు కాడకి చివర గుంట ఉన్నది గరిటె. గుండ్రంగా ఉండి నెత్తిన ఏమీ లేనిది బోడిగుండు. ఒక కాలు పొట్టిదైతే కుంటికుర్చీ, వంగిపోయిందైతే ముసలమ్మ నడుం. రాతప్రతి ఎదురుగా పెట్టుకుని "గరిటె, కొక్కెం, కొక్కెం, బోడిగుండు" అని గొణుక్కుంటూ ఉంటే చెయ్యి దానంతటది గడుల మీద తిరిగేది. పక్కన నిలబడి వింటే మనిషి వంటింటి సామాను లెక్కపెడుతున్నాడనుకోవాలి.

ఓనరుగారికి ఇదంటే మహా గర్వం. "భాష వచ్చినవాడు కాగితం మీద ఉన్నది చూడడండీ, బుర్రలో ఉన్నది చూస్తాడు. మా మేస్త్రికి భాష రాదు, అందుకే తప్పు రాదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పుకోడా మరి! అవతలి ఒడ్డు రిటైరైన టీచరమ్మగారు, పెద్ద రచయిత్రి, ఇరవై ఏళ్ళుగా తన పుస్తకాలన్నీ ఇక్కడే వేయిస్తోంది ఈ చేతి కోసమే. ఆవిడ ముందు గదిలో ఓనరుతో మాట్లాడి వెళ్ళిపోయేది. మేస్త్రిని ఏనాడూ చూడలేదు. మేస్త్రి ఆవిడ రాతని చూశాడు తప్ప, ఆవిడ ఏం రాస్తుందో ఆయనకీ తెలీదు.

ఇంతలో మేస్త్రి కొడుకు, ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసే కుర్రాడు, వంతెన దాటి వెళ్ళి అవతలి ఒడ్డు పిల్లని పెళ్ళి చేసుకొచ్చాడు. పిల్ల బంగారం. కానీ మన భాషలో దానికి వచ్చిన మాటలు మూడు: "సరే", "చాలు", "తిన్నాను". నాలుగు నెలలు ఆ మూడు మాటల మీదే కాపురం నడిచింది. అత్తగారు గిన్నె చూపిస్తే తను మూత చూపించేది. మావగారు కనపడితే పక్కకి తప్పుకునేది. కొడుకు పనికి వెళ్ళాక ఇంట్లో మనుషులున్నారా అన్నంత నిశ్శబ్దం. మేస్త్రికి ఆ నిశ్శబ్దం గుచ్చుకునేది. ఆ పిల్ల భాషలో లక్ష పేజీలు కట్టాను, దానితో ఒక్క మాట ఆడలేనా అని.

ఒకరోజు పొద్దున్నే టీ తాగుతూ, సబ్బు చుట్టి తెచ్చిన కాగితం కనపడితే అలవాటు కొద్దీ అందుకున్నాడు. అవతలి భాష పేపరు ముక్క. "గరిటె, బోడిగుండు, కొక్కెం..." అని గొణుగుతున్నాడు. కోడలు గుమ్మంలో ఆగిపోయింది. గరిటె అన్న మాట దానికి తెలుసు, అత్తగారి పుణ్యమా అని. పరుగున వెళ్ళి గరిటె తెచ్చి ఇచ్చింది పాపం! మేస్త్రి తెల్లబోయి, కాగితం మీద అక్షరాన్ని చూపించి, పక్కన గరిటె పెట్టి, రెండూ ఒకటే అన్నట్టు సైగ చేశాడు. ఆ పిల్ల చూసింది. మళ్ళీ చూసింది. ఇక నవ్వు, నవ్వు, గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకునేంత నవ్వు. ఆ ఇంట్లో అది నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత వచ్చి పక్కన కూర్చుంది. గరిటె మీద వేలు పెట్టి దాని అసలు పలుకు పలికింది. బోడిగుండుదీ పలికింది. రెండూ కలిపి పలికి, తన అత్తగారి వైపు చూపించి, తర్వాత వంతెన అవతలికి చూపించింది. మేస్త్రికి వెలిగింది. గరిటె, బోడిగుండు అంటే అమ్మ!

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! ముప్పై ఆరేళ్ళుగా ఎన్ని వేలసార్లు కట్టాను ఈ మాట! అమ్మనా నేను గరిటె బోడిగుండు అంటున్నదీ?" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. సిగ్గూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం చదువే. యాభై అయిదేళ్ళ మనిషికి చదువు ఎక్కదంటారు. ఎవరండీ అన్నది? చేతికి ముందే తెలిసిన మాటలవి. పలుకు ఒక్కటే తక్కువ. ఆ పిల్ల పలకడం, ఈయన "ఓహో, నువ్వా!" అని పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టడం. బదులుగా ఈయన మన మాటలు నేర్పేవాడు. ఎనిమిది నెలలు తిరిగేసరికి మేస్త్రి అవతలి భాష గడగడా చదివేస్తున్నాడు, కోడలు అత్తగారితో పేచీ పెట్టుకునేంత ఎదిగింది.

చదవడం వచ్చింది గానీ, మాట్లాడటమే తిరకాసు. ఈయనకి తెలిసిన భాషంతా అచ్చులో చూసిందే కదా! మంచినీళ్ళు కావాలంటే, "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మంచినీరు కావలెను" అనేవాడు. అవతలి ఒడ్డు కూరగాయలమ్మితో "ఈ వంకాయలు యథాస్థితిలో హెచ్చు పాటదారునకు ఇవ్వబడునా?" అంటే, ఆవిడ వంకాయలు వదిలేసి పక్క బండివాణ్ణి కూడా పిలిచి వినిపించింది. ఒకసారి భార్యకి జలుబు చేసింది. వియ్యంకుడు వస్తే ఆయనకి ఆ సంగతి "తీవ్ర విచారముతో" తెలియజేశాడు. ఆ పెద్దమనిషి లేచి నిలబడి తల వంచుకున్నాడు. విషయం కోడలు చెప్పాక అత్తగారు ఊరుకుంటుందా? "ఏమండీ, నన్నప్పుడే పంపించేశారా?" అని వారం రోజులు దెప్పింది.

ఇంత మురిపెంగా ఉండగా టీచరమ్మగారి కొత్త పుస్తకం వచ్చింది. ఈసారి కల్పన కాదు, ఆవిడ సొంత జీవితం. పదహారు పేజీలు కలిస్తే ఒక ఫారం. మొదటి ఫారం కట్టి, ప్రూఫు తీసి ఆవిడకి పంపారు. తిరిగొచ్చిన ప్రూఫు చూసి ఓనరుగారు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఎర్ర సిరా గుర్తులు పంతొమ్మిది! ఇరవై ఏళ్ళ పుస్తకాలన్నీ కలిపినా అన్ని లేవు.

"మేస్త్రీ, నీకు ఒంట్లో బాగుందా?"

"బాగుందండీ."

"కళ్ళు?"

"బాగున్నాయండీ." చేతులు తుడుచుకుంటూ, "చదవడం నేర్చుకున్నానండీ" అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

ఓనరు కుర్చీలో కూలబడ్డాడు. "కొంప ముంచావు కదయ్యా! ఎవరు నేర్చుకోమన్నారు నిన్ను?"

నిజమే మరి. ఆవిడ చిన్నప్పుడు బడికి ఎలా వెళ్ళిందో చదువుతుంటే, తర్వాత ఏమైందో అన్న ఆత్రంతో కన్ను ముందుకి పరిగెత్తేది. చెయ్యి వెనకబడి ఏదో ఒకటి పేర్చేసేది. ఓనరు చెడ్డవాడు కాదు, కానీ అచ్చాఫీసు పరువంతా ఆ చేతి మీదే ఉంది. "ఇంకొక్క ఫారం చూస్తాను. అందులో ఒక్క తప్పు వచ్చినా ఈ పుస్తకం పక్కగది కంపోజిటరుకి ఇచ్చేస్తా. నువ్వు రసీదు పుస్తకాలు కట్టుకుందువు గాని" అన్నాడు. తప్పు లేని చెయ్యి అన్న పేరు తప్ప మేస్త్రి ముప్పై ఆరేళ్ళలో వెనకేసుకున్నది ఏమీ లేదు. అది పోవడానికి ఇప్పుడు ఒక్క ఫారమే దూరం.

ఆ సాయంత్రం కోడలు పేపరు పట్టుకుని వచ్చింది. "ఇక చదువు వద్దమ్మాయ్" అన్నాడు. పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఇంట్లో గిన్నెల చప్పుడు ఒక్కటే మిగిలింది.

రెండో ఫారం పళ్ళ బిగువున కట్టాడు. గట్టిగా, గదంతా వినపడేలా "గరిటె! కొక్కెం! కుంటికుర్చీ!" అని అరుచుకుంటూ, అర్థం లోపలికి రాకుండా తలుపు మూసినట్టు కట్టాడు. నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, మర్చిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికి తెలుసు? ప్రూఫు వెళ్ళింది. మూడోనాడు ప్రూఫు బదులు టీచరమ్మగారే వచ్చింది. ముందు గదిలో ఆగలేదు. తిన్నగా అక్షరాల గదిలోకి నడిచింది, వెనకాల ఓనరు "అమ్మా, సీసం మసి, చీర పాడవుతుంది" అంటున్నా వినకుండా.

"ఈ పేజీ కట్టింది ఎవరు?"

"నేనే తల్లీ" అన్నాడు మేస్త్రి.

"తప్పు పడిందా అమ్మా? ఏమీ అనుకోకండి, రేపటి నుంచి వేరే మనిషిని పెడతాను" అన్నాడు ఓనరు.

ఆవిడ ఆ పేజీ బల్ల మీద పరిచింది. తను పంతొమ్మిదేళ్ళప్పుడు ఉద్యోగానికి ఇల్లు వదిలి వెళ్ళిన ఘట్టం అది. అమ్మకి ఇష్టం లేదు. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, "అమ్మ తలుపు వేసేసింది" అని రాసింది టీచరమ్మ. అచ్చులో మాత్రం, "అమ్మ తలుపు దగ్గరే నిలబడింది" అని ఉంది. మేస్త్రి అది చూసి బిక్కచచ్చిపోయాడు. ఎప్పుడు కట్టాడో ఆయనకే తెలీదు.

ఆవిడ తన భాషలోనే అడిగింది, "ఎందుకిలా చేశారు?"

మేస్త్రి తనకి వచ్చిన భాషలో, చేతులు కట్టుకుని జవాబు చెప్పాడు. "మహారాజశ్రీ టీచరమ్మ గారికి విన్నవించుకొనునది ఏమనగా, బిడ్డ వెళ్ళుచుండగా ఏ తల్లియు తలుపు మూయజాలదు. మా చెయ్యి అందులకు సమ్మతించలేదు. ఇట్లు, తమ విధేయుడు."

టీచరమ్మకి నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత ఓనరు వైపు తిరిగి మన భాషలో అంది, "ఇరవై ఏళ్ళుగా నా పుస్తకాలు తప్పుల్లేకుండా వేశారు. సంతోషించాను. ఈ గదిలో వాటిని ఒక్కరూ చదవలేదని ఇవాళ తెలిసింది నాకు. ఈ పుస్తకం ఈయనే కట్టాలి. తప్పులుంటే దిద్దుకోవడానికి నాకు ఎర్ర సిరా ఉంది."

మళ్ళీ మేస్త్రితో మెల్లగా, "నేనూ ముందు అమ్మ నిలబడిందనే రాశాను మేస్త్రిగారూ. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను. కానీ ఆవిడ వేసేసింది. జరిగింది అదే" అంది.

మేస్త్రి తలూపాడు. సూదిమొనతో ఆ వరస అక్షరాలు పైకి తీశాడు. ఆవిడ ఎదురుగానే ఒక్కొక్కటే పేర్చి తలుపు వేశాడు. గరిటె అనలేదు, కొక్కెం అనలేదు. ఆ అక్షరాల్ని వాటి పేర్లతోనే పిలిచాడు. ఓనరు వెళ్ళి కిటికీ ఇంకాస్త తెరిచాడు, వెలుగు సరిపోదేమో అన్నట్టు.

ఇంటికి వెళ్ళగానే కోడల్ని కేకేశాడు. "అమ్మాయ్, పేపరు వద్దు, ఇది చదువుదాం రా!" అని టీచరమ్మగారిని అడిగి తెచ్చుకున్న రాతప్రతి విప్పాడు. అప్పట్నుంచి రేపు కట్టాల్సిన పేజీలు ఇవాళ సాయంత్రమే ఇద్దరూ పైకి చదివేవాళ్ళు. నవ్వాల్సిన చోట నవ్వేసి, ఏడవాల్సిన చోట ఏడ్చేసి, ఆత్రమంతా ఇంట్లోనే తీర్చుకునేవాళ్ళు. తెల్లారి బల్ల ముందు నిలబడితే ఇక కన్ను పరిగెత్తాల్సిన పని లేదు. మూడో ఫారంలో తప్పులు రెండు. నాలుగో దాంట్లో ఒక్కటీ లేదు. అయినా ఎర్ర సిరా ఉండేది. "ఇక్కడ మా నాన్న మీద మీకు కోపం వచ్చిందా?" అని అంచున రాసి పంపేది టీచరమ్మ. "అధిక మొత్తములో వచ్చినది" అని జవాబు రాసేవాడు మేస్త్రి.

ఆఖరి ఫారంలో ఆఖరి పేజీ. ఎప్పుడూ అక్కడ అచ్చాఫీసు పేరు ఒక్కటే ఉండేది. ఈసారి దాని కింద టీచరమ్మ ఇంకో వరస రాసింది, "అక్షరాలు కూర్చినవారు, ఈ పుస్తకానికి తొలి పాఠకుడు" అని, పక్కన మేస్త్రి పేరు. లక్ష పేజీలు కట్టినవాడు తన పేరు తను కట్టడం అదే మొదలు. రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చి కట్టాడు.

ప్రూఫు తీశాక ఓనరు రాతప్రతి పక్కన పెట్టుకుని, తనకి వచ్చిన కాస్త భాషతో కూడబలుక్కుంటూ చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "మేస్త్రీ, ఆవిడ ‘తొలి పాఠకుడు’ అని రాస్తే, నువ్వు ‘తొలి పాఠకులు’ అని కట్టావు. నీ పేరు పక్కన ఇంకో పేరుంది. ఎవరిది?"

"మా కోడలిదండీ."

"రాతప్రతిలో లేదే!"

"లేదండీ."

"అయితే తప్పేగా?"

"తప్పేనండీ. ఈసారి తెలిసే చేశాను. టీచరమ్మగారు దిద్దమంటే దిద్దుతాను."

రెండు రోజులకి ప్రూఫు తిరిగొచ్చింది. పదహారు పేజీలూ మేస్త్రి తనే తిప్పి చూశాడు. ఆఖరి వరస మీద ఎర్ర సిరా లేదు.