సద్దిమూట సీను

క్యాంప్ వన్ కాలనీలో మా పక్కింటి మావయ్యది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. ఆదివారం పొద్దున టీవీలో ఆ పాత పౌరాణిక సీరియల్ వచ్చే వేళకు ఎప్పుడూ డ్యూటీలోనే ఉండేవాడు. ఇంటికొచ్చాక అత్త అన్నం వడ్డిస్తూ ఆ వారం కథంతా చెప్పేది. ఆయన ఎరిగిన సీరియల్ అత్త చెప్పిందే.

అత్త పోయాక, పవర్ హౌస్ బజారులో ఆ సీరియల్ డీవీడీల సెట్టు కొన్నాడు. అడవికి పోయేవాళ్లను పడవవాడు నది దాటించే చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసేవాడు.

“పడవోడి పెళ్లాం ఒడ్డుదాకా పరిగెత్తుకొచ్చి సద్దిమూట ఇస్తాది. మీ అత్త సెప్పింది. ఇందులో నేదు. కోసీసినారు ఎదవలు!”

ఆ సెట్టు తిరిగిచ్చి ఇంకోటి తెచ్చాడు. అందులోనూ లేదు. “అంకుల్, పూరా హై,” అంతా ఉందని దుకాణదారు మొత్తుకున్నాడు.

మావయ్య మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని, ఆయన సైకిలు వెనక వీధి చివరిదాకా అత్త పరిగెత్తడం చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు చూశానో.

“పక్కూరు దుర్గ్‌లో పెద్ద దుకాణం ఉందట. అక్కడ అసలుది దొరుకుతాది. వస్తావేటి?” అన్నాడు ఓ రోజు.

“పద మావయ్యా,” అని చెప్పులేసుకున్నాను.