వెనక నుంచి కుట్టిన జపాన్ బొమ్మల పుస్తకం

ఆ పుస్తకాన్ని వెనక నుంచి ముందుకు కుట్టారు. పాఠకుణ్ని అలా మోసం చేయడం అన్యాయం.

కాకినాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చి, వికారాబాద్‌లో తాండూరు రైలెక్కాను. ఎదురు సీట్లో కాలేజీ అమ్మాయి ఒకతె ఇంగ్లీషులోకి వచ్చిన జపాన్ బొమ్మల పుస్తకం చూస్తూ పగలబడి నవ్వుతోంది. ఏమిటమ్మా అంటే, "వీడియో గేమ్ నుంచి రాసిన కామెడీ తాతా. వీరుని కత్తి ఎవరో ఎత్తుకపోయిండ్రు. అన్ని భాగాలు సదివిన. దొంగ గీ ఆఖరి దాంట్లనే దొరుకుతడు," అంది.

నేను బడి మెట్లెక్కకుండానే ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ని. చిన్నప్పుడు చదివిన కథలు ఈరోజుకీ అప్పజెబుతాను. పుస్తకం అందుకుని, ఎడమ పక్క అట్ట తీసి, బోగీ అంతా వినేలా చెప్పాను.

"కత్తి దొంగ యువరాణే! దాంతో ఉల్లిపాయలు తరుగుతోంది! మొదటి పేజీలోనే దొంగను చూపించేశాడు, ఇదేం రాతమ్మా?"

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. పుస్తకం లాక్కుని కుడి పక్క నుంచి తెరిచి చూపించింది.

"మా ఉర్దూ లెక్కనే జపానోళ్లది గూడ కుడి దిక్కు నుంచి మొదలైతది తాతా. మీరు జూసింది ఆఖరి పేజీ. ఇగ తాండూరు దాక నేనేం సదవాలె? మీరే జెప్పుండ్రి."