ఏసీ గదిలో మిర్చి టిక్కీలు

మొన్న అమ్మ తద్దినానికి మార్టూరు దగ్గరి మా ఊరు వెళ్ళాను. భోజనాలయ్యాక, అన్నయ్య కొడుకు కొత్తగా కొన్న కంప్యూటర్ చూద్దామని లోపలి గదివైపు నడిచానో లేదో, అన్నయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడి కాళ్ళు తుడుచుకుని రమ్మన్నాడు. లోపల రవ్వంత దుమ్ము పడినా మిషను పాడైపోతుందట. ఆ మాట ఇంకెవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అన్నది మా అన్నయ్య, అదీ ఆ గది గుమ్మంలోనే నిలబడి, నాతో. ఇరవై ఏళ్ళనాటి మంట అరికాలి నుంచి నెత్తికెక్కింది.

ఆ రోజుల్లో నేను పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాణ్ణి. మీ పెళ్ళి వీడియో కూడా నాలాంటివాడెవడో మిక్సింగ్ చేసిందే అయివుంటుంది. తామరపువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్ళికూతురు రావడం, జలపాతం మీద పెళ్ళికొడుకు ఫోటో తేలిపోవడం, ఇవన్నీ చూసి ఇప్పటివాళ్ళు పడీపడీ నవ్వుతారు గానీ, ఆ తామరపువ్వు విచ్చుకోవాలంటే మామూలు కంప్యూటర్ చాలేది కాదు. అందుకని గుంటూరులో ఒక్కొక్క భాగం ఏరి బిగించుకుని, చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి దగ్గరా లేనంత గట్టి మిషను ఇంటికి తెచ్చుకున్నాను. అది వేడెక్కకుండా గదికి ఏసీ పెట్టించాను. మా ఊళ్ళో మొట్టమొదటి ఏసీ దానికోసం వచ్చిందే.

అందులో కార్ల పందెం ఆట ఒకటి ఉండేది. మధ్యాహ్నం చేలోంచి వచ్చి, ఏసీలో కూర్చుని ఆ ఆట అందరికంటే ఎక్కువగా ఆడింది మా అన్నయ్యే. తెరమీద కారు ఎటు తిరిగితే తనూ అటు ఒరిగిపోయేవాడు, ఎదురుగా లారీ వస్తే కుర్చీలోంచే బ్రేకు తొక్కేవాడు. అమ్మ గుమ్మంలో నిలబడి అది చూసి నవ్వేది. నవ్వేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం ఆవిడ అలవాటు, ఎందుకంటే పైపన్ను ఒకటి ఎప్పుడో బావి దగ్గర జారిపడినప్పుడు ఊడిపోయింది. ఫోటోకి నిలబెడితే పెదవులు గట్టిగా బిగించేసేది.

మా చెల్లెలి పెళ్ళి పెదకాకానిలో చేశాం. వీడియో నేనే తీశాను. తలంబ్రాల దగ్గర, మా చెల్లి పొట్టిది కావడంతో పెళ్ళికొడుకు తలకి చెయ్యి అందక ఎగిరెగిరి పోస్తుంటే అమ్మకి నవ్వాగలేదు. రెండు చేతుల్లోనూ పళ్ళెం ఉండటంతో నోటికి అడ్డం పెట్టుకునే వీలూ లేకపోయింది. అలాగే కెమెరా వైపు తిరిగి, పన్ను లేని సందు కనిపించేలా నోరారా నవ్వేసి, అంతలోనే తెలివి తెచ్చుకుని "ఒరేయ్, తీయమాకరా, ఆపు" అని కేకేసింది. నేను ఆపలేదు.

మిక్సింగంతా అయ్యాక ఆ వీడియో పూర్తిగా తయారవడానికి మిషను రోజుల తరబడి నడవాలి. దాన్ని అలా నడవనిచ్చి, ఏసీ వేసి, గదిలోకి ఎవరూ వెళ్ళొద్దని అందరికీ చెప్పి, చీమకుర్తిలో ఇంకో పెళ్ళి తీయడానికి వెళ్ళాను. చెల్లి పెళ్ళి తీసిన క్యాసెట్ల మీదే ఆ పెళ్ళి కూడా తీశాను, కంప్యూటర్లోకి ఎక్కించాక క్యాసెట్టు మళ్ళీ వాడుకోవడం మా పనిలో అందరూ చేసేదే.

ఆ ఏడు మిర్చి విరగపండి, కోల్డ్ స్టోరేజీల్లో చోటు దొరకలేదు. ఎండలకి కాయ తెల్లబోతుందనీ, చల్లగా ఉంచితేనే ఎరుపు నిలుస్తుందనీ మన వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా అన్నయ్య మహా తెలివైనవాడు కదా, ఇంట్లోనే కోల్డ్ స్టోరేజీ పెట్టుకుని ఊరంతా తిరగడమెందుకనుకుని, మిర్చి టిక్కీలన్నీ, అంటే కాయ తొక్కి కుట్టిన గోనెబస్తాలన్నీ, మోయించి ఏసీ గదిలో కంప్యూటర్‌ని ఆనించి బస్తా మీద బస్తా కప్పుదాకా పేర్పించాడు. నేను తిరిగొచ్చి తలుపు తీస్తే ఘాటుకి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. పై బస్తా ఒకటి జారి, నడుస్తున్న మిషను మీద పడి ఉంది. హార్డ్ డిస్కు టకటకమని కొట్టుకుంటోంది. గుంటూరు మెకానిక్కు విప్పి చూసి, తుమ్ముల మధ్య చెప్పాడు, ఫ్యాన్ల నిండా కారప్పొడేననీ, దెబ్బ తగిలి డిస్కు గీసుకుపోయిందనీ, అందులోది ఇంక రాదనీ. హైదరాబాదులో కూడా అదే మాట చెప్పారు.

నేను వీధంతా వినపడేలా అరిచాను. అన్నయ్య చెక్కుచెదరలేదు. "డబ్బాదేముందిరా, ఇంకోటి కొనుక్కోవచ్చు. కాయ రంగు పోతే ఎవడు కొంటాడు?" అన్నాడు. అమ్మేమో మా ఇద్దరి మధ్యకీ వచ్చి, పన్ను లేని మొహం ఎవరు చూడొచ్చార్లే, పోతే పోయిందని నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. మరుసటి వేసవిలో అమ్మ పోయింది. అంతవరకూ నాది పని పాడైన కోపం. ఆ తర్వాత అది ఏ కోపమో నాకే తెలియదు గానీ, చల్లారలేదు. ఆ మిర్చి రంగు చెడకుండా అమ్ముడుపోయిన సంగతి మాత్రం అన్నయ్య ఇప్పటికీ బంధువుల దగ్గర గొప్పగా చెప్పుకుంటాడు.

అదే గదిలో ఇప్పుడు అద్దాల డబ్బా, అందులో రంగురంగుల లైట్లు. వీడియోలు ఎడిట్ చేయడం, ఆటలాడటం, అన్నీ దానిమీదేనట. నన్ను ఆశ్చర్యపరుద్దామని అన్నయ్య కొడుకు తెరమీద అమ్మ ఫోటో పెట్టాడు. అదే, పెదవులు బిగించిన ఫోటో. వాడు ఏదో నొక్కగానే ఆ ఫోటోలోనే అమ్మ కళ్ళు కదిలాయి, పెదవులు విచ్చుకున్నాయి, ముత్యాల్లాంటి పలువరుసతో అమ్మ నవ్వింది. అన్నయ్య కండువాతో కళ్ళొత్తుకుంటూ "అచ్చం అమ్మేరా" అన్నాడు.

"అమ్మకి పైపన్ను లేదు" అన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది. అన్నయ్య నావైపు చూసిన చూపులో, నిజంగానే మరిచిపోయాడని అర్థమైంది. డిస్కు పోగొట్టినందుకంటే, అది మరిచిపోయినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. మావాడు మాత్రం తడుముకోకుండా "దానికేముంది బాబాయ్, తీసేద్దాం" అని ఏదో టైపు చేశాడు. ఆ మిషనుతో పోలిస్తే నాది నిజంగా డబ్బానే, ఒప్పుకుంటాను. నాకు ఒక తామరపువ్వుకి పూటంతా పట్టేది, వాడికి పన్ను తీయడానికి టీ తాగేంతసేపు కూడా పట్టలేదు.

అమ్మ మళ్ళీ నవ్వింది. ఈసారి సరిగ్గా ఆ చోట పన్ను లేదు. అన్నయ్య చేతులు జోడించాడు. నేను లేచి బయటికి వచ్చేశాను. నోరంతా తెరిచి, ఎదురుగా చూస్తూ నవ్వుతున్న ఆవిడ ఎవరో నాకు తెలియదు. నవ్వేటప్పుడు అమ్మ చెయ్యి నోటికి అడ్డంగా ఎందుకు పైకి లేవాలో ఆ గదిలో ఎవరికీ తెలియదు, చెప్పడానికి నాకూ మనసు రాలేదు.