భయపడినవాళ్ళకు ఉప్మా

“చెత్త సినిమా అన్నా పడతాను జయా, స్లో అంటే మాత్రం పడను!”

“అరవై ఏళ్ళ కిందటి సినిమాని ఆ పిల్ల ఒక మాటంటే మీకెందుకండీ అంత రోషం? మీరేమన్నా తీశారా దాన్ని?”

“పై గదిలో ఏముందో తెలియని మనిషి మెట్లు మెల్లగా ఎక్కుతుందా, గెంతుకుంటూ ఎక్కుతుందా? నువ్వు చెప్పు!”

“నేను చెప్పను. నా పోపు మాడుతోంది.”

తలుపు బయట నిలబడ్డ విక్రాంత్ బెల్లు మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకున్నాడు. ఆలుమగల తగువులో తల దూర్చడం అతనికి ఇష్టం లేదు. వెళ్ళిపోదామంటే పక్కన బండెడు సూట్‌కేసు, బయట కార్ల్స్‌రూహె వాన. జర్మనీకి వచ్చి జీగెన్ ఊళ్ళో మొదలుపెట్టిన మాస్టర్స్ మధ్యలో వదిలేశాడు. దాంతో పాటే హాస్టల్ గదీ పోయింది. ఇక్కడ ట్రాముల మరమ్మతు నేర్పే ఆస్‌బిల్డుంగ్ శిక్షణలో సీటు దొరికింది గాని, తల దాచుకోవడానికి గది దొరకలేదు. ‘బ్రహ్మయ్యన్న ఇంటికి పో, బువ్వ పెడతడు. సినిమా చూడాలె, గంతే’ అని పంపాడు దోస్తు సృజన్.

గంతే అనడానికి అది అంత చిన్న సంగతి కాదు. బ్రహ్మయ్య గారి గురించి తెలుసుకోవలసింది ఒకే ఒక్కటి. ఆయన ఇంట్లో అన్నం తినాలంటే ఒక పాత ఇంగ్లండు భయం సినిమా చూడాలి. చూసి, భయమేసిందో లేదో చెప్పాలి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళని అందరూ ఏ ఊరని అడుగుతారు, ఏ యూనివర్సిటీ అని అడుగుతారు. ఆయన మాత్రం ట్రామ్ స్టాపులో కనబడ్డా, వినాయకచవితి పందిట్లో కనబడ్డా అడిగేది ఒకటే: “మన సినిమా చూశావా?”

దానికో ఇంగ్లిషు పేరు ఉంది గాని ఆ ఇంట్లో ఎవరూ పలకరు. మన సినిమా, అంతే. నలుపూ తెలుపూ. సముద్రపు ఒడ్డున ఒక విధవరాలి ఇల్లు. మేడ మీద ఖాళీ గది. గదిలో రోజూ ఎవరో నడుస్తున్న చప్పుడు. చివరికి నడిచేది ఆవిడేనని, ఆ సంగతి ఆవిడకే తెలియదని మనకి తెలుస్తుంది. విడుదలైన వారం లండన్‌లో ఒక పత్రిక, ‘ఇది చూశాక ముఖం కడుక్కోవాలనిపించింది’ అని ఉమ్మేసిందట. ఇంకో పత్రిక, ‘ముఖం కడుక్కుందామంటే ఒంటరిగా బాత్‌రూంకి వెళ్ళడానికి భయమేసింది’ అని చేతులెత్తి మొక్కిందట. “అరవై ఏళ్ళయినా తగువు తెగలేదు. అదీ సినిమా అంటే!” అని, తానే ఆ లండన్‌లో టిక్కెట్లు చింపినవాడిలా ఛాతీ విరుచుకునేవాడు బ్రహ్మయ్య.

కింది అంతస్తు జర్మన్ ముసలావిడ ఒకనాడు, ఈ కేకలేమిటని పోట్లాడడానికి పైకొచ్చింది. ఆవిణ్ణీ కూర్చోబెట్టి చూపించాడు. పూర్తయ్యాక “గేట్ ఝో” అని లేచిపోయింది. ఫరవాలేదు అని దాని అర్థం. “జర్మన్ నోట ఫరవాలేదు అన్న మాట వచ్చిందంటే, మనవాళ్ళు ఈలలు వేసి కాగితాలు చల్లినట్టే లెక్క!” అని ఆయన వారం రోజులు ఆఫీసులో కూడా నేల మీద నడవలేదు.

విక్రాంత్ చివరికి బెల్లు కొట్టాడు. బ్రహ్మయ్య తలుపు తీసి, ముందు సూట్‌కేసునీ తరవాత మనిషినీ చూశాడు.

“నాది కాదన్నా. దోస్తుది. రేపు ఇచ్చేయాలె,” అన్నాడు విక్రాంత్, ఎవరూ అడగకుండానే.

“ఎవరిదైతేనేం, లోపల పెట్టు, తడిసిపోయింది. మన సినిమా చూశావా?”

సోఫాలో ఈషా అనే స్టూడెంట్ కూర్చుని ఉంది. ఇందాకటి ‘స్లో’ ఆమెదే. చలికాలానికని గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారం కావడంతో సాయంత్రం అయిదుకే బయట చీకటి. బ్రహ్మయ్య తెర ముందు నిలబడి చట్టం చదివాడు: “భయపడినవాళ్ళు ఒంటరిగా బయటికి పోకూడదు, ప్రమాదం. ఇక్కడే పడుకోవాలి. పొద్దున జీడిపప్పు ఉప్మా. భయపడనివాళ్ళకి తరవాతి ట్రామ్ ఎన్నింటికో నేను చెబుతాను.”

ఆయన భార్య జయలక్ష్మి చికెన్ వేపుడు ప్లేటు తెచ్చిపెట్టింది. సినిమా నడిచింది. ఖాళీ వంటింట్లో దానంతటదే కెటిల్ కూత పెట్టే ఘట్టం రాబోతుండగా బ్రహ్మయ్య చటుక్కున లేచి, “పప్పు చూసొస్తా” అని వంటింట్లోకి మాయమయ్యాడు. తెర మీద కెటిల్ కూసింది, లోపల కుక్కర్ కూసింది, ఈషా దిండు గట్టిగా పట్టుకుంది. విక్రాంత్ ఆవలించాడు.

దీపాలు వెలిగాయి. “భయమేసిందా?”

‘అవును’ అన్న ఒక్క మాట చాలు, ఆ పూటకి పక్క దొరుకుతుంది. అది విక్రాంత్‌కి తెలుసు. కాని, ఆ పెట్టె సంగతి వదిలేస్తే, ఉన్నమాట అనకుండా ఉండలేని నోరు అతనిది. ప్రొఫెసర్ మొహం మీదే ‘మీ పాఠం నాకు పనికిరాదు సార్’ అని చెప్పి చదువు మానేసిన మనిషి.

“ఏం భయమన్నా? నిద్రొచ్చింది. గన్ని మెట్లెక్కే బదులు గా ముసల్ది లిఫ్టు పెట్టిచ్చుకుంటే కథే లేకపోవు.”

జయలక్ష్మి గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. బ్రహ్మయ్య తెరని చూశాడు, సూట్‌కేసుని చూశాడు, కిటికీలోంచి వానని చూశాడు. ఆయన అనుభవంలో పెట్టెతో వచ్చినవాడెవడూ ఇంతవరకు ఈ మాట అనలేదు.

“నువ్వు చూడలేదు!” అని గర్జించాడు. “చికెన్ ముక్కలు ఏరుకుంటూ చూశావు. అది చూడడం కాదు. రేపు మళ్ళీ వేస్తాను. పారిపోకుండా ఇక్కడే పడుకో!”

మర్నాడు మళ్ళీ వేశాడు. “ఇప్పుడు?” “లేదన్నా.” కర్టెన్ సందులోంచి వెలుతురు పడిందని ఆ ఆట లెక్కలోకి రాదని కొట్టేశాడు. ఆ తరవాత సౌండ్ తగ్గిందన్నాడు. మరోసారి విక్రాంత్ తుమ్మాడన్నాడు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎదురుగా కూర్చుని ఘుమఘుమలాడే ఉప్మా తింటుంటే, భయపడని నేరానికి విక్రాంత్‌కి జర్మన్ రొట్టె. కొరికితే పన్ను ఊడేది. అయినా ‘భయమేసింది’ అనలేదు. పొద్దంతా వర్క్‌షాపులో ట్రాము బ్రేకులు, సాయంత్రం ఇళ్ళు చూడ్డానికి టెర్మిన్లనే అపాయింట్‌మెంట్లు, ఆపైన మన సినిమా. ప్రతిసారీ కెటిల్ కూసే వేళకి బ్రహ్మయ్యకి పప్పు గుర్తొచ్చేది. పప్పు వండని రోజున కూడా.

ఒకనాడు గిన్నెలు తుడుస్తూ విక్రాంత్ ఉండబట్టలేక అడిగాడు. “అక్కా, అన్న గా కెటిల్ సీను ఎప్పుడన్న చూసిండా?”

“ఆయనా? అది మోగితే ఇక్కడికొచ్చి నా కొంగు పట్టుకుని నిలబడతారు. నాకు చెయ్యాడదు.”

“మరి ఈషా? గంత భయపడే పిల్ల స్లో అన్నదేంది?”

జయలక్ష్మి నవ్వింది. “గది దొరికాక అంది. దొరకనన్నాళ్ళూ, ‘అంకుల్, చచ్చేంత భయమేసింది’ అని ఈ హాల్లోనే పడుకుంది. సృజన్ అయితే నెల రోజులు భయపడ్డాడు. గది తాళం చేతికొచ్చిన రోజున ‘ఏముందన్నా దాన్ల’ అన్నాడు.”

విక్రాంత్ చేతిలో గిన్నె ఆగిపోయింది. గది లేనివాళ్ళందరికీ భయం, గది ఉన్నవాళ్ళందరికీ బోరు!

“మొదట్లో పెట్టెలతో వచ్చినవాళ్ళని ఉండిపొమ్మనేవారు,” అంది ఆమె. “అబ్బే, ఫ్రెండ్ రూముందండీ అని పోయి స్టేషన్లో కూర్చునేవాళ్ళు. మనవాళ్ళకి ‘చోటు లేదు’ అనడం నామోషీ. ఒకరోజు ఈ సినిమా పెడితే ఒకబ్బాయి నిజంగానే హడలిపోయి ఉండిపోయాడు. అంతే, ఆయనకి మంత్రం దొరికింది. నువ్వొక్కడివే బాబూ, ఆ మంత్రానికి లొంగనిది. నీ కోసం రోజూ ఏ వంక పెట్టాలో తెలియక పాపం ట్రాములో కూడా అదే ఆలోచన.”

ఇవాళ కార్ల్స్‌రూహెలో బ్లూ కార్డు వీసాలతో దర్జాగా తిరిగే తెలుగువాళ్ళలో సగం మంది ఆ సోఫాలో భయపడినవాళ్ళే. వాళ్ళందరిలోకీ తలవంచకుండా నెగ్గుకొచ్చింది తానేనని అంతవరకు విక్రాంత్ గర్వం. రోజుకో సాకు వెతుక్కుంటూ ఆ తల వంగకుండా కాసిందెవరో ఇప్పుడు తెలిసింది.

ఆ వారాంతంలోనే విక్రాంత్‌కి ఊరి చివర డుర్లాఖ్‌లో గది దొరికింది. ట్రామ్ స్టాపు దాకా బ్రహ్మయ్య సూట్‌కేసు తానే లాక్కొచ్చాడు.

“ఇది మీ దోస్తుది కదూ? పాపం, ఎదురుచూస్తుంటాడు, ఇచ్చేయ్.”

“ఇస్తున్నన్నా,” అన్నాడు విక్రాంత్, నవ్వాపుకుంటూ. “సినిమా మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలే. ఉన్నమాట.”

“నచ్చొద్దులే. లండన్‌లోనే సగం మందికి నచ్చలేదు.” ట్రాము మలుపు తిరిగింది. బ్రహ్మయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “వచ్చే శనివారం డెగ్గెన్‌డార్ఫ్ ఊరి నుంచి ఒకడొస్తున్నాడు. ఫోన్లోనే చెప్పాడు, పెట్టె వాళ్ళ కజిన్‌దట. మాట తీరు చూస్తే అచ్చం నీ బాపతే. ఇంకో మొండివాణ్ణి మోసే ఓపిక నాకు లేదు. నువ్వొచ్చి వాడి పక్కన కూర్చో. కెటిల్ మోగగానే ఒక్క కేక వెయ్యి. నీ అంతవాడు భయపడితే, వాడికి భయపడ్డానికి మొహమాటం ఉండదు. సినిమా బాగుందని అనక్కర్లేదు విక్రాంతూ. భయమేసిందని ఒక్కసారి చెప్పు, చాలు. నీకూ ఉప్మా పెట్టిస్తాను.”