ఒప్పుకోడానికి పాపాలు అయిపోయాయి

సహోదరులారా, సహోదరీలారా, మైకు నా చేతికిచ్చారు కాబట్టి చెబుతున్నాను, నేను శాంతంగా మాట్లాడలేనండి, అది ప్రభువుకి కూడా తెలుసు.

మా ఆయన దానియేలు గారు కడియం నర్సరీల్లో ఇరవై రెండేళ్ళు గులాబీలకి అంట్లు కట్టి, మొక్కలకి పురుగుమందు కొట్టినవారు. చేతులకి తొడుగుల్లేవు, ముక్కుకి తువ్వాలు చుట్టుకోవడమే, ఆ డబ్బాల మీద ఏం రాసుందో చదివి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు! నాలుగేళ్ళ కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది, కత్తి జారిపోయేది, నవ్వే మనిషి మొహం చెక్కలా అయిపోయింది, అడుగు ఈడ్చేవారు. జన్మలో మందు ముట్టని మనిషిని, పొద్దున్నే తాగొచ్చావా అని యజమాని పనిలోంచి పంపేశాడు!

సరే, అది లోకం. మరి మనమేం చేశాం? ప్రార్థన చెయ్యడానికని మా ఇంటికొచ్చిన మన సంఘం పెద్దాయన ఒకాయన, "దాచిన పాపం ఏదో ఉందమ్మా, ఒప్పుకుంటే గాని ఈ వణుకు పోదు" అన్నాడు. మా ఆయన నమ్మారండి! మూడు రోజులు ఉపవాసముండి, చిన్నప్పుడు జామకాయలు దొంగిలించిన దగ్గర్నించి అన్నీ ఒప్పుకున్నారు, వణుకు పోలేదు, అప్పుడు చెయ్యని పాపాలు కూడా ఒప్పుకోవడం మొదలెట్టారు! "మార్తా, ఇంకా ఏం ఒప్పుకోవాలే?" అని నన్నడిగి ఏడ్చారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మోకాళ్ళు కూడా వెయ్యలేదు, పెరట్లో నిలబడే అరిచాను: "ప్రభువా, ఈ మనిషి దగ్గర ఇంక పాపాల్లేవు, అయిపోయాయి! ఇప్పుడు నువ్వు మాట్లాడు!"

ఆ అరుపు విని పక్కింట్లోంచి మన సంఘంలోని నర్సు రూతమ్మక్క పరిగెత్తుకొచ్చింది. మా ఆయన్ని నాలుగడుగులు నడిపించి చూసి, "ఇది శాపం కాదే, నరాల జబ్బులా ఉంది, రేపే రాజమండ్రి వెళ్దాం పదండి" అంది. అదే నాకు దేవుని జవాబు, వేరే స్వరం అక్కర్లేదు!

అక్కడ డాక్టరుగారు పరీక్ష చేసి, "దీన్ని పార్కిన్సన్స్ అంటారమ్మా, ఒంటి కదలికలకి కావలసిన రసాయనం తయారుచేసే మెదడు కణాలు నెమ్మదిగా చచ్చిపోతాయి" అన్నారు. ఎందుకు చస్తాయండీ అనడిగాను. "పూర్తిగా ఎవరికీ తెలీదు, ఇంకా పరిశోధిస్తున్నారు. వయసు, వంశం, కొన్ని రకాల పురుగుమందులు, ఇవన్నీ కారణాల్లో ఉండొచ్చంటున్నారు, మీ ఆయనకి ఫలానాదే అని నేను చెప్పలేను" అన్నారు. సహోదరులారా, అంత చదువుకున్నాయన తెలీదన్నారు! ఏమీ చదవని మనం పాపమని తేల్చేశాం!

మాత్రలు మొదలెట్టిన కొన్ని వారాలకి మా ఆయన చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు. జబ్బు పోలేదండి, పోదని కూడా చెప్పారు, నేను అబద్ధ సాక్ష్యం చెప్పను. అదిగో, రెండో వరసలో కూర్చున్నారు, చెయ్యి వణుకుతూనే ఉంది, చూడండి. కానీ నా పాపమే నన్నిలా వణికిస్తోందన్న ఆ భయం నుంచి ప్రభువు ఆయన్ని విడిపించాడు, దేవునికే మహిమ! నేనంత మాటన్నా నన్ను విడిచిపెట్టనందుకు ఆయనకి స్తోత్రం!

మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి వణుకుతోందా, మతిమరుపు ముదురుతోందా? ప్రార్థన చెయ్యండి, చేస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, ప్రభువు రెండు చోట్లా ఉంటాడు, ఆయన్ని నమ్మండి. కోపమొస్తే ఆయన మీదే అరవండి, ఆయన తట్టుకుంటాడు. జబ్బుపడ్డ మనిషి తట్టుకోలేడు.